వారంటీలో ఉన్న బోటు ఇంజిన్‌కు సొంతంగా సర్వీసు చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా ఉప్పాడ దగ్గర ఒక మత్స్యకార గ్రామం. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ పూర్తి చేసి, ఇప్పుడు నాన్నతో కలిసి ఫైబర్ బోటు మీద వేటకు వెళ్తున్నాను. గత సెప్టెంబరులో కొంత సబ్సిడీతో, కొంత అప్పుతో 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజిన్ కొన్నాం. అక్టోబరులో మొదటి ఉచిత సర్వీసు అయింది. ఆ తర్వాత సర్వీసు ‘100 గంటలకు లేదా ఏడాదికి’ అని పుస్తకంలో ఉంది కాబట్టి ఇంకా చేయించలేదు. సర్వీసు సెంటరు విశాఖపట్నంలో ఉంది. ఇంజిన్ తీసుకెళ్లి తీసుకొస్తే రెండు రోజుల వేట పోతుంది, బండి కిరాయి అదనం. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు మార్చడం నాకు వచ్చు. కానీ ‘మీరు పానా పెట్టిన రోజే వారంటీ పోయినట్టు’ అని డీలరు అంటున్నాడు. అలా అనడం చట్టవిరుద్ధమని ఇంటర్నెట్ వీడియోల్లో చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి? సొంతంగా సర్వీసు చేసుకుంటూనే వారంటీ కాపాడుకోవడం ఎలా?

సమాధానం: మీ డీలరు మాట పూర్తిగా నిజం కాదు, వీడియోల మాట మన దేశానికి నేరుగా వర్తించదు. అయితే ఈ రెండింటికన్నా ముందు చెప్పుకోవలసిన సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. మీ వారంటీకి ఇప్పుడు పొంచి ఉన్న ప్రమాదం పానా వల్ల కాదు, అక్టోబరు తర్వాత ఏ సర్వీసూ జరగకపోవడం వల్ల.

‘100 గంటలు లేదా ఏడాది’ అని రాసినప్పుడు ఆ రెండింటిలో ఏది ముందు వస్తే అది అని అర్థం. సెలవు రోజుల్లో సరదాగా పడవ నడుపుకునేవారికి ఏడాది ముందు వస్తుంది. వేట మీద బతికేవారికి 100 గంటలు ముందు వస్తాయి. పోనురాను కలిపి రోజుకు ఐదు గంటలు ఇంజిన్ నడుస్తుందని, నెలలో ఇరవై రోజులు వేట ఉంటుందని అనుకుంటే నెల తిరిగేసరికి 100 గంటలు నిండుతాయి. అంటే మీ లెక్క ప్రకారం ఏడాదికి ఒకసారి చేయించవలసిన సర్వీసు నిజానికి దాదాపు ప్రతి నెలా చేయవలసినది. ఇప్పుడు క్రాంక్‌షాఫ్ట్ బేరింగు పట్టేసిందనుకోండి. కంపెనీ ఇంజినీరు మొదట అడిగేది ‘మధ్యలో ఆయిల్ ఎప్పుడు మార్చారు’ అనే. అక్టోబరు తర్వాత మార్చలేదన్న జవాబు ఒక్కటే క్లెయిము తిరస్కరించడానికి వారికి చాలు, ఆ తిరస్కరణను తప్పుపట్టడం కూడా కష్టమే. అందువల్ల ఈ ఉత్తరం చదివిన వారంలోపే, ఒక విడత వేట పోయినా సరే, ఈ ఒక్కసారికి ఇంజిన్‌ను విశాఖపట్నం తీసుకెళ్లి పూర్తి సర్వీసు చేయించి, సర్వీసు పుస్తకంలో ముద్ర వేయించుకోండి. అక్కడి నుంచి మీ సొంత లెక్క మొదలుపెడదాం.

ఇక డీలరు మాట సంగతి. వారంటీ అంటే తయారీలో, వాడిన సామగ్రిలో ఉన్న లోపానికి కంపెనీ పడే బాధ్యత. అరిగిపోయే వస్తువులు, నిర్లక్ష్యం వల్ల, ప్రమాదం వల్ల, తప్పుడు మరమ్మతు వల్ల వచ్చిన నష్టాలు దాని కిందికి రావు. ఔట్‌బోర్డు, అంటే మీది లాగా బోటు వెనక బయట బిగించే ఇంజిన్‌తో వచ్చే యజమాని పుస్తకాన్ని ఒకసారి నిదానంగా తిరగేస్తే ఆయిల్ మార్చడం, గేరు ఆయిల్ మార్చడం, ప్లగ్గులు చూసుకోవడం, మంచినీళ్లతో కడగడం వంటి పనులు ఎలా చేయాలో బొమ్మలతో సహా కంపెనీయే చెప్పి ఉంటుంది. యజమాని చేసుకోవచ్చని తానే నేర్పిన పనిని యజమాని చేశాడన్న కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేస్తాననడం కంపెనీకి కూడా ఇబ్బందికరమైన వాదన. కాబట్టి డీలరు నోటిమాటను పక్కన పెట్టి, వారంటీ పుస్తకంలో ‘ఏవి వర్తించవు’ అని రాసిన పేజీని, సర్వీసు పట్టికను పక్కపక్కన పెట్టుకుని చదవండి. పట్టికలో కొన్ని పనుల దగ్గర ‘డీలరు చేయవలసినవి’ అనే అర్థం వచ్చే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేనివే మీవి. ఉచిత సర్వీసులు మాత్రం వారంటీలో షరతుగా ఉండే అవకాశం ఎక్కువ కనుక వాటిలో ఒక్కటి కూడా వదలకండి.

వీడియోలలో చెప్పేది అమెరికా చట్టం గురించి. అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప ఫలానా కంపెనీ విడిభాగమే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి అని వారంటీకి మెలిక పెట్టకూడదు. పెట్టాలంటే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనుమతి ఉండాలి. మన దేశంలో ఇంత సూటిగా చెప్పే చట్టం లేదు. అలాగని చేతులు కట్టేసినట్టూ కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఒక వస్తువు కొనాలంటే మరొక వస్తువో సేవో కొనితీరాలని మెలిక పెట్టడాన్ని నియంత్రణాత్మక వ్యాపార పద్ధతిగా గుర్తిస్తుంది. 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ చేత పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గుండుగుత్తగా షరతు పెట్టకూడదని, ఆ బయటి పని సరిగా లేకపోవడం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి, పైగా అది కార్ల కంపెనీలకు ఇచ్చినది, బోటు ఇంజిన్లకు కాదు. అయినా, ‘జరిగిన లోపానికి, నేను చేసిన పనికి సంబంధం ఏమిటో చూపించండి’ అని మీరు అడగడానికి అదొక మంచి ఆధారం. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాల రంగాలను ఉద్దేశించి పెట్టినది. వేట పడవల ఇంజిన్లకు అందులో ప్రత్యేకంగా చోటు ఇవ్వకపోవడం, ఇంత తీరప్రాంతం ఉన్న దేశంలో, నాకు వింతగానే అనిపిస్తుంది.

ఇవన్నీ వాదనకు పనికివచ్చేవే కానీ, గొడవ వచ్చినప్పుడు మిమ్మల్ని నిజంగా కాపాడేవి కాగితాలు. పానా ఎవరు తిప్పారన్నది కాదు, ఏ రోజున, ఎన్ని గంటల దగ్గర, ఏ ఆయిల్ పోసి, ఏ భాగం మార్చారో రుజువు ఉందా లేదా అన్నదే క్లెయిమును నిలబెడుతుంది. సర్వీసు సెంటరు చేసినా, మీరు చేసినా ఈ రుజువు ఉండితీరాలి. తేడా ఏమిటంటే, వాళ్లు చేస్తే వాళ్ల రికార్డు ఉంటుంది, మీరు చేస్తే ఆ రికార్డు మీరే సృష్టించుకోవాలి.

మీ ఇంజిన్ లాంటి చిన్న ఔట్‌బోర్డులలో చాలావాటికి గంటలు చూపే మీటరు ఉండదు. ప్లగ్గు వైరు చుట్టూ ఒక తీగ చుడితే గంటలు లెక్కపెట్టే చిన్న మీటర్లు దొరుకుతాయి. ఇంజిన్ వైరింగును ఎక్కడా కోయకుండా, అతుకు వేయకుండా బిగించేది మాత్రమే తీసుకోండి, అదీ డీలరుకు ఒక మాట చెప్పి. మీటరు లేకపోయినా పరవాలేదు. అట్ట గట్టిగా ఉన్న ఒక నోటు పుస్తకంలో ప్రతి వేటకూ తేదీ, ఇంజిన్ వేసిన సమయం, ఆపిన సమయం, పోసిన పెట్రోలు, అప్పటిదాకా మొత్తం గంటలు రాయండి. సర్వీసు చేసిన రోజున విడిగా ఒక పేజీ కేటాయించి, చేసిన పనులు, వాడిన ఆయిల్ పేరు, గ్రేడు, విడిభాగం నంబరు, బిల్లు నంబరు రాసి సంతకం చేయండి. ఆ పేజీని, డబ్బా మీది లేబులును, కొత్త ప్లగ్గు పక్కన పాత ప్లగ్గును ఫోనుతో ఫొటో తీసి ఆ రోజే డీలరు నంబరుకు వాట్సాప్ పంపండి. జవాబు రాకపోయినా పరవాలేదు, పంపినట్టు తేదీతో నమోదవుతుంది. ఆరునెలల తర్వాత ఒకేసారి కూర్చుని ఒకే పెన్నుతో నింపిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. నూనె మరకలతో, రకరకాల పెన్నులతో ఉన్న పుస్తకానికి ఉండే విలువ దానికి రాదు.

బిల్లు లేకుండా దేనినీ కొనకండి. ‘మన అబ్బాయివే కదా, బిల్లెందుకు’ అనే దుకాణం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే చెబుతోంది. వారంటీ నడుస్తున్నన్నాళ్లూ ఫిల్టరు, ప్లగ్గులు, ఇంపెల్లర్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం), గాస్కెట్లు కంపెనీవే వాడమని నా సలహా. బయటి భాగం వాడడం తప్పని కాదు. ధరలో మిగిలే కొద్ది రూపాయల కోసం కంపెనీకి ఒక సాకు చేతికివ్వడం తెలివైన పని కాదని. ఆయిల్ విషయంలో మాత్రం బ్రాండు కన్నా గ్రేడు ముఖ్యం. పుస్తకం ఎఫ్‌సీ-డబ్ల్యూ (ఫోర్ స్ట్రోక్ బోటు ఇంజిన్ల ఆయిల్) ప్రమాణం ఉన్న 10డబ్ల్యూ-30 అడిగితే అదే పోయాలి. తీరంలోని దుకాణాల్లో సులభంగా దొరికే మోటారుసైకిలు ఆయిల్ పోస్తే ఇంజిన్ ఆ రోజుకు నడుస్తుంది కానీ, ఉప్పుగాలిలో, సముద్రపు నీటితో చల్లబడుతూ నడిచే ఇంజిన్ లోపల తుప్పు పట్టకుండా ఉండడానికి కావలసిన రక్షణ దానిలో ఉండదు. మీ నాన్నగారు పాత టూ స్ట్రోక్ ఇంజిన్లు నడిపినవారై ఉంటారు కనుక ఈ మాట కూడా చెప్పాలి: దీని పెట్రోలులో ఆయిల్ కలపకూడదు, కిరోసిన్ అసలే కలపకూడదు. కిరోసిన్ ఆనవాళ్లు దొరికితే ఆ క్లెయిము గురించి మాట్లాడడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు పనుల దగ్గరికి వద్దాం. ఐటీఐలో మీరు నేర్చుకున్నది ఎక్కువగా పనికివస్తుంది, అయితే ఔట్‌బోర్డుకు కొన్ని ప్రత్యేకమైన సంగతులున్నాయి. ఇంజిన్ ఆయిల్ మార్చే ముందు డ్రమ్ములో మంచినీళ్లు పోసి, ఇంజిన్‌ను నిలువుగా బిగించి కొద్దిసేపు నడిపితే ఆయిల్ వేడెక్కి అడుగు మురికితో సహా దిగుతుంది. డ్రెయిన్ బోల్టు కింద వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. ఈ సైజు ఇంజిన్లకు ఆయిల్ లీటరు లోపో, లీటరుకు కాస్త అటూ ఇటూనో పడుతుంది; సరిగ్గా ఎంతో పుస్తకం చూసి కొలతతో పోయండి, ఇంకొంచెం ఉంటే మంచిదే కదా అని ఎక్కువ పోయవద్దు. బోల్టు బిగింపుకు పుస్తకంలో చెప్పిన కొలత ఉంటుంది కాబట్టి టార్క్ రెంచి ఒకటి కొనుక్కోండి. అల్యూమినియం మరలు విరగబిగిస్తే పోతాయి, పోయిన మరను ఏ వారంటీ భరించదు.

గేరు ఆయిల్ మీద నేను ఎక్కువ పట్టుబట్టడానికి కారణం వల దారం. తెగిన నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరుగుతున్నప్పుడు వేడికి కరిగి గట్టిపడి, అక్కడ ఉన్న ఆయిల్ సీలును కోసేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. సముద్రపు నీరు లోపలికి పోయి గేర్లు తుప్పుపట్టి అరిగిన తర్వాత మాత్రమే శబ్దం వస్తుంది, అప్పుడు సర్వీసు సెంటరులో విప్పితే సీలు దగ్గర దారం ముక్క కనిపిస్తుంది, క్లెయిము అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి వారానికి ఒకసారి, ఇంజిన్ ఆపి, తాళం లేదా సేఫ్టీ లాన్యార్డు (లాగితే ఇంజిన్ ఆగిపోయే తాడు) తీసేసి, ప్లగ్గు టోపీ ఊడదీసి, ప్రొపెల్లర్ విప్పి వెనక దారం ఉందేమో చూసి, షాఫ్టుకు గ్రీజు రాసి తిరిగి బిగించండి. 100 గంటలకు గేరు ఆయిల్ మార్చేటప్పుడు కింది స్క్రూ, పై స్క్రూ రెండూ తీసి పాతది పూర్తిగా దించండి. అది పాల టీ రంగులో ఉంటే నీరు చేరినట్టు. ఇంజిన్‌ను అక్కడే ఆపి, ఆ ఆయిల్‌ను ఒక శుభ్రమైన సీసాలో పట్టి, తేదీ రాసి, ఫొటో తీసి డీలరుకు చెప్పాలి తప్ప కొత్త ఆయిల్ పోసి మరునాడు వేటకు వెళ్లకూడదు. రంగు బాగుంటే కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ పొర్లేదాకా ఎక్కించి, ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందిది బిగించాలి. పైనుంచి పోస్తే గాలి లోపలే ఉండిపోతుంది.

ప్రతి వేట తర్వాత మంచినీళ్లతో ఇంజిన్ లోపలి నీటి దారిని కడగడం, వెనక నుంచి వచ్చే నీటిధార బలం చూడడం మీరు ఎటూ చేస్తూనే ఉంటారు. ఆ ధార సన్నబడితే రంధ్రంలో ఇసుక ఉందేమో చూసి, లేకపోతే ఇంపెల్లర్ మార్చే సమయం వచ్చిందని అర్థం చేసుకోండి. ఇంజిన్ కింది భాగానికి అమర్చిన యానోడు ముక్కలు సముద్రపు నీటికి తాము కరుగుతూ ఇంజిన్ లోహాన్ని కాపాడతాయి కనుక వాటికి రంగు వేయకూడదు, సగానికి పైగా కరిగిపోతే మార్చాలి. ఇంజిన్‌ను రోజూ బోటు మీంచి విప్పి ఇంటికి మోసుకెళ్లే అలవాటు మీ తీరంలో ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌ను ఏ పక్కకు పడుకోబెట్టాలో పుస్తకంలోనో ఇంజిన్ మీదనో గుర్తు ఉంటుంది. బండిలో వేరే పక్కకు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లలోకి పారి, మరునాడు తాడు లాగినప్పుడు పిస్టన్ కదలకుండా బిగుసుకుంటుంది. ఇంట్లో అందరికీ, మోయడానికి వచ్చే వాళ్లకు కూడా, ఈ సంగతి తెలిసి ఉండాలి.

పెట్రోలు గురించి ఒక చిక్కు ఉంది. ఇప్పుడు మన బంకుల్లో అమ్మేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా ఔట్‌బోర్డు పుస్తకాలు మాత్రం 10 శాతానికి మించిన ఇథనాల్ వాడవద్దంటాయి. మీ పుస్తకంలో ఏముందో చూసి, పది అని ఉంటే, ‘నాకు అందుబాటులో ఉన్న పెట్రోలు ఇదే, దీనివల్ల వారంటీకి ఇబ్బంది ఉందా, ఉంటే ఏ ఇంధనం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి’ అని డీలరును రాతపూర్వకంగా అడగండి. ఇది మీ ఒక్కరి సమస్య కాదు, జవాబు చెప్పవలసిన బాధ్యత అమ్మినవారిది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నీటిని వేరుచేసే ఫిల్టరు ట్యాంకుకు, ఇంజిన్‌కు మధ్య పెట్టుకోవడం, పాత పెట్రోలు వాడకపోవడం ఎటూ మంచిదే.

ఎక్కడ ఆగాలో కూడా స్పష్టంగా ఉండాలి. వాల్వుల సర్దుబాటు, సిలిండర్ హెడ్డు, గేర్‌కేసు లోపలి భాగాలు, ఇంధన ఇంజెక్షను లేదా కార్బ్యురేటరు సెట్టింగులు, సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే ఎలక్ట్రానిక్ పెట్టె), వైరింగు మీ పని కాదు, మీకు వచ్చినా సరే. వేగం కోసం పెద్ద పిచ్ (ఒక్క చుట్టులో ఎక్కువ దూరం తోసే) ప్రొపెల్లర్ వేయడం, ఇంజిన్ వేగ పరిమితిని మార్చడం వంటివి సర్వీసు కిందికి రావు, మార్పు కిందికి వస్తాయి. మార్చిన వస్తువు మీద ఫిర్యాదుకు బలం ఉండదు. ఇక లోపం బయటపడిన క్షణం నుంచి, అది బజరు మోగడమైనా, ఆయిల్ దీపం వెలగడమైనా, కొత్త శబ్దమైనా, ఇంజిన్ ఆపి మరో బోటు సాయంతో ఒడ్డుకు చేరండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు వారంటీ గురించి ఆలోచించనక్కర్లేదు. ఆ పరిస్థితి లేనప్పుడు మాత్రం హెచ్చరిక వచ్చాక నడిపిన ప్రతి నిమిషం మీ ఖాతాలోనే పడుతుంది. ఒడ్డుకు వచ్చాక ‘ఒకసారి విప్పి చూద్దాం’ అనే ఐటీఐ చేతుల దురదను అణచుకోవాలి. విప్పిన ఇంజిన్‌లో లోపం ముందే ఉందా, విప్పినప్పుడు వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు. రేపు కేసు దాకా పోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ ఇంజిన్‌ను పరీక్షకు పంపవచ్చు, పంపినప్పుడు అది విప్పని స్థితిలో ఉండడం మీకే మేలు.

దీనికి ఒకే మినహాయింపు, కెరటానికి బోటు తిరగబడి ఇంజిన్ ఉప్పునీట మునగడం. అది తయారీ లోపం కాదు కనుక వారంటీ వర్తించదు, కానీ గంటలు గడిచేకొద్దీ లోపల తుప్పు మొదలవుతుంది. తాడు లాగకుండా, మునిగినట్టు ఫొటోలు తీసి, డీలరుకు ఫోను చేసి, అతను చెప్పినట్టు మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు వెళ్లగొట్టి, ఆ రోజే సర్వీసు సెంటరుకు చేర్చాలి. ఈ ప్రమాదానికి బీమా ఉందో లేదో బోటు పాలసీలో ఇప్పుడే చూసుకోండి.

మీ కాగితాల విషయంలో మరో రెండు సంగతులు పరిశీలించండి. సబ్సిడీ మీద వచ్చిన ఇంజిన్లలో బిల్లు ఒకరి పేరున, వాడకం మరొకరిది కావడం మామూలే. బిల్లు, వారంటీ కార్డు, ఇంజిన్ సీరియల్ నంబరు మూడూ సరిపోతున్నాయా, పేరు మీదో నాన్నగారిదో సరిగా ఉందా చూడండి. అలాగే వారంటీ కార్డులో వాడకం ఏమని రాశారో చూడండి. కంపెనీలు సాధారణంగా విహారానికి వాడే ఇంజిన్‌కు ఎక్కువ కాలం, వృత్తికి వాడేదానికి తక్కువ కాలం వారంటీ ఇస్తాయి. అమ్మకం సులువు కావడానికి ఎవరైనా ‘విహారం’ అని రాసి ఉంటే, మొదటి క్లెయిములోనే అది బయటపడుతుంది. తప్పుంటే ఇప్పుడే సరిదిద్దించుకోవడం ఉత్తమం. వేట కోసం కొన్నంత మాత్రాన మీరు వినియోగదారు కాకుండా పోరు. సొంత శ్రమతో జీవనోపాధి కోసం వాడుకునే వస్తువును 2019 చట్టం వాణిజ్య ప్రయోజనంగా లెక్కించదు. కూలీలను పెట్టి పది బోట్లు నడిపే యజమానికి ఈ వెసులుబాటు దొరకదు.

వీటి తర్వాత డీలరుకు ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అందులో ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు: ‘ఫలానా సీరియల్ నంబరు ఇంజిన్‌కు ఫలానా తేదీన మీ దగ్గర సర్వీసు చేయించాను. ఇకపై యజమాని పుస్తకంలో ఫలానా పేజీల్లో చెప్పిన ఆయిల్, గేరు ఆయిల్, ప్లగ్గుల మార్పిడి మీ కంపెనీ విడిభాగాలతో నేనే చేసి, వివరాలు మీకు పంపుతాను. దీనివల్ల వారంటీకి ఇబ్బంది ఉందని మీరు భావిస్తే, వారంటీలోని ఏ నిబంధన ప్రకారమో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ నోటితో ‘వారంటీ పోతుంది’ అనడం సులువు. నిబంధన నంబరు వేసి సంతకం పెట్టడం అంత సులువు కాదు. ఒకవేళ నిబంధన నిజంగానే ఉండి, వాళ్లు చూపిస్తే, వారంటీ ముగిసేదాకా దాన్ని పాటించడమే మీకు లాభం. అప్పుడు మీ ఊళ్లో అదే కంపెనీ ఇంజిన్లున్న వారందరూ కలిసి నెలకోసారి మెకానిక్‌ను తీరానికే పంపమని డీలరును అడగండి. ఒకరి కోసం రానివారు ఇరవై ఇంజిన్ల కోసం వస్తారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని బాగా వాడుకోండి. నెలవారీ పనులు మీరు చేసుకున్నా, ఏడాదికి ఒక పూర్తి సర్వీసు ఆ సమయంలో విశాఖపట్నంలోనే చేయించండి. వేట నష్టం ఉండదు, వాల్వుల వంటి మీకు వద్దన్న పనులూ అయిపోతాయి, పుస్తకంలో వారి ముద్ర ఉంటుంది. ఇంజిన్‌ను పక్కన పెట్టేముందు కార్బ్యురేటరులో పెట్రోలు మిగలకుండా ఇంధన పైపు తీసి డ్రమ్ములో నడిపి ఆపండి. నిషేధం ఉందని వారంటీ గడువు ఆగదు, క్యాలెండరుతో పాటు నడుస్తూనే ఉంటుంది. అందుకని జూన్ మొదటి వారంలోనే డ్రమ్ములో మరోసారి నడిపి చూడండి. ఏదైనా లోపం ఉంటే, ఊరంతా సముద్రంలోకి దిగే రోజుకు ముందే క్లెయిము పెట్టడానికి వ్యవధి ఉంటుంది.

ఇన్ని చేసినా అన్యాయంగా తిరస్కరిస్తే, తిరస్కరణ కారణాన్ని రాతలో తీసుకోండి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి; చాలా వివాదాలు అక్కడే తెమిలిపోతాయి. తెమలకపోతే మీరు నివసించే జిల్లాలోనే, అంటే కాకినాడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, కేసు వేయవచ్చు, డీలరు విశాఖపట్నంలో ఉన్నా సరే. ఐదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు, న్యాయవాది ఉండితీరాలన్న నియమమూ లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. కంపెనీని, డీలరును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మరచిపోకండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. ఫిర్యాదుతో జతపరచవలసినవి బిల్లు, వారంటీ కార్డు, మీ నోటు పుస్తకం నకలు, విడిభాగాల బిల్లులు, స్పీడ్ పోస్టు రసీదు, వాట్సాప్ సందేశాల ప్రతులు.